మారియో వరల్డ్ హ్యాక్: సాయంత్రం ఆకాశం వేస్తే మెట్లు మెట్లుగా వస్తోంది, సాయం కావాలి

మేడమీద_మారియో
శనివారం, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. రెండేళ్ళుగా ఇక్కడ చదువుతున్నా గానీ రాయడం ఇదే మొదటిసారి. సూపర్ మారియో వరల్డ్ మీద చిన్న హ్యాక్ (అసలు ఆటని మార్చి సొంత లెవెల్స్ పెట్టడం) చేస్తున్నా, మొత్తం ఎనిమిది లెవెల్స్. నాలుగోది సాయంత్రం పూట జరగాలి. పోయిన సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు మా మేడ మీద నుంచి తీసిన ఫోటో ఒకటి ఉంది. పైన ముదురు నీలం, కింద నారింజ. నాకు ఆ ఆకాశమే కావాలి.

ఫోటోలో పై అంచు రంగు, కింది అంచు రంగు తీసుకున్నా. ఈ ఆట నడిచే సూపర్ నింటెండోలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోదానికి 32 స్థాయిలే కాబట్టి ఫోటో అంకెల్ని 8తో భాగించా. పైన 9, 7, 17 వచ్చింది. కింద 31, 19, 9. తెర మీద 224 గీతలు ఉంటాయి కదా, 16 గీతలకొక పట్టీ చొప్పున 14 పట్టీలు చేసి హెచ్‌డీఎంఏ (తెర గీస్తుండగా గీత గీతకీ విలువలు మార్చే హార్డ్‌వేర్ ఏర్పాటు) టేబుల్ రాశా. ప్యాచ్‌లు ఎక్కించే అసార్ టూల్‌తో ఎక్కింది, ఎర్రర్ ఏమీ లేదు.

కానీ వచ్చింది ఆకాశం కాదు, సిమెంటు మెట్లు. స్క్రీన్‌షాట్ జత చేశాను. ఇంకో వింత ఏంటంటే, మెసేజ్ బ్లాక్‌ని తలతో కొడితే సందేశం చూపించే ఆ నల్ల పెట్టె సరిగ్గా తెరుచుకోవడం లేదు, తెరంతా గందరగోళంగా అయిపోతోంది. రెండు రోజులుగా దీని మీదే కూర్చున్నా.

బగ్గులబుట్ట
శనివారం, రాత్రి 9:58

మెసేజ్ బ్లాక్ సంగతి నేను చూడకుండానే చెప్తా తమ్ముడూ. హెచ్‌డీఎంఏకి 0 నుంచి 7 దాకా ఉండే ఎనిమిది దారుల్లో ఛానెల్ 7 వాడావు కదూ?

మేడమీద_మారియో
శనివారం, రాత్రి 10:01

అవును అన్నా! ఎరుపుకి 3, ఆకుపచ్చకి 4, నీలానికి 7. చివరిది కాబట్టి ఖాళీగా ఉంటుందనుకున్నా. ఎలా కనిపెట్టారు?

బగ్గులబుట్ట
శనివారం, రాత్రి 10:06

నేనూ అదే గుంటలో పడ్డా కాబట్టి. ఆ ఛానెల్ ఆట సొంతానికి ఉంచుకుంది. మెసేజ్ పెట్టె తెరుచుకోవడం, లెవెల్ చివర గుండ్రంగా మూసుకుపోవడం, తాళంచెవి రంధ్రం, ఇవన్నీ విండో (తెరలో కొంత భాగాన్ని కప్పే ముసుగు) ఆకారాన్ని గీత గీతకీ మార్చి చేసేవి. ఆ పని ఛానెల్ 7ది. నువ్వు దాని గమ్యాన్ని రంగు రిజిస్టర్ (హార్డ్‌వేర్‌లో విలువ రాసే గది) వైపు తిప్పేశావు. పాపం ఆట పెట్టె గీయబోయి ఆకాశం మీద రాస్తోంది.

0, 1, 2 కూడా ముట్టుకోకు. స్ప్రైట్ల (కదిలే బొమ్మల) పట్టికని, ప్యాలెట్‌ని (రంగుల పట్టికని), గ్రాఫిక్స్‌ని ఎక్కించడానికి ఆట మామూలు డీఎంఏగా (డేటాని టోకుగా మోసే దారిగా) వాడేది వాటినే. నీకు మిగిలేవి 3, 4, 5, 6. నాలుగు చాలు, మూడు రంగులకి మూడు పోయినా ఇంకొకటి చేతిలో ఉంటుంది.

కార్ట్రిడ్జ్_కనకం
శనివారం, రాత్రి 10:20

స్క్రీన్‌షాట్ చూశాను. మెట్లు అంత కొట్టొచ్చినట్టు ఎందుకున్నాయో గమనించారా? పట్టీ 16 గీతలు, నేల ఇటుక కూడా 16 పిక్సెళ్ళు. ఆకాశంలో ప్రతి అంచూ దాదాపుగా ఏదో ఒక ఇటుక అంచుకి ఎదురుగా వచ్చి కూర్చుంది. కన్ను రెండింటినీ కలిపి చదివేస్తుంది. ఆ పట్టీలే 15, 17, 14 అని ఎగుడుదిగుడుగా ఉంటే సగం బాధ అక్కడే తగ్గేది.

మెగా_గోపి
శనివారం, రాత్రి 10:31

ఇంత టెన్షన్ ఎందుకు బ్రో. డబ్బా టీవీలో పెట్టి చూడు, చారలన్నీ కరిగిపోతాయి. ఆ కాలం ఆటలన్నీ అలాగే చేశారు. సోనిక్‌లో జలపాతం చూడలేదా?

కార్ట్రిడ్జ్_కనకం
శనివారం, రాత్రి 10:44

గోపీ, సోనిక్ జలపాతంలో ఉన్నవి నిలువు చారలు. కాంపోజిట్ తీగలో (బొమ్మ మొత్తం ఒకే తీగలో వచ్చే పాత పద్ధతి) రంగు పక్కపక్కకి పూసుకుపోతుంది, అందుకే అవి కలిసిపోయి నీళ్ళలా కనిపిస్తాయి. గ్రేడియంట్ పట్టీలు అడ్డంగా ఉంటాయి. పై గీతకీ కింది గీతకీ మధ్య ఆ తీగ ఏమీ పూయదు. మా ఇంట్లో డబ్బా టీవీ ఇంకా ఉంది. అన్నయ్య సింగపూర్ నుంచి తెచ్చిన సూపర్ ఫామికామ్ దానికే తగిలించి ఉంది. అడ్డ పట్టీలు అందులోనూ పట్టీల్లాగే కనపడతాయి. కాస్త మెత్తబడతాయేమో గానీ మాయం కావు.

మెగా_గోపి
శనివారం, రాత్రి 10:49

సరే అక్కా, ఒప్పుకున్నా. జలపాతం మాట వెనక్కి తీసుకుంటున్నా.

స్కాన్‌లైన్_శాస్త్రి
శనివారం, రాత్రి 11:37

భోజనం చేసి వచ్చేసరికి సగం పని అయిపోయింది. మిగతా సగం చెప్తాను, కాస్త పొడుగవుతుంది.

ముందుగా అసలు ఏ రంగుని మారుస్తున్నావో తెలియాలి. మారియో వరల్డ్‌లో వెనక కనిపించే ఆకాశం రంగు ప్యాలెట్‌లోని సున్నా నంబరు రంగు కాదు. అది నల్లగా ఉంటుంది. దాని మీద ఫిక్స్‌డ్ కలర్ అనే రంగొకటి కలిపి తెర మీద వేస్తారు. ఆ ఫిక్స్‌డ్ కలర్ ఉండే చోటు 2132 రిజిస్టర్. అంటే మనం కొత్తగా ఏమీ కనిపెట్టడం లేదు. ఆట ఫ్రేముకొకసారి (తెర మొత్తం ఒకసారి గీసినప్పుడల్లా) రాసే రంగుని మనం గీత గీతకీ తిరగరాస్తున్నాం, అంతే.

2132 వింత రిజిస్టర్. ఒక్క బైటే తీసుకుంటుంది. ఆ బైటులో కింది అయిదు బిట్లు స్థాయి, పై మూడు బిట్లు ఏ రంగుకో చెప్తాయి. దశాంశంలో రాసుకుంటే సులువు. ఎరుపుకి 32 కలుపు, ఆకుపచ్చకి 64, నీలానికి 128. నీ కింది అంచు రంగు 31, 19, 9 కదా. అది 63, 83, 137 అవుతుంది. మూడు బైట్లు మూడు విడతలుగా రాయాలి. ఒకటి రాసినంత మాత్రాన మిగతా రెండూ చెరిగిపోవు, వాటి పాత విలువలు అలాగే ఉంటాయి.

ఇక్కడే నీ మెట్లకి మందు ఉంది. మూడు రంగులూ విడివిడిగా బతుకుతున్నప్పుడు మూడూ ఒకే గీత దగ్గర మారాలని రూలేమీ లేదు. నువ్వేం చేశావు? 14 పట్టీలు, అంటే 13 చోట్ల మార్పు. ఎరుపు 9 నుంచి 31కి పోవాలి, అంటే 22 అడుగులు. 13 చోట్లలో 22 అడుగులు వెయ్యాలంటే చాలా చోట్ల రెండేసి అడుగులు దూకుతుంది. అదే గీత దగ్గర ఆకుపచ్చా దూకుతుంది, నీలమూ తగ్గుతుంది. మూడు దూకుళ్ళు ఒకే చోట పడితే మెట్టు కాక ఏమవుతుంది?

విడదీసి చూడు. ఎరుపుకి 23 విలువలు, ఒక్కోటి 9 లేదా 10 గీతలు. ఆకుపచ్చకి 13 విలువలు, ఒక్కోటి 17 గీతలు చొప్పున, అక్కడక్కడ 18. నీలానికి 9 విలువలు, ఇంచుమించు 25 గీతలు. ఇప్పుడు మార్పులు 22, 12, 8. మొత్తం 42 చోట్ల ఏదో ఒకటి మారుతుంది, దాదాపు అన్ని చోట్లా ఒక్క రంగే, అదీ ఒక్క అడుగే. కంటికి అంచు దొరకదు. కొత్త రంగులేమీ తేలేదు, కొత్త హార్డ్‌వేర్ లేదు, నీ దగ్గరున్న అడుగుల్నే వేరే వేరే గీతల మీదకి జరిపాం.

నీలం టేబుల్ ఇలా ఉంటుంది. మొదటి అంకె ఎన్ని గీతలు, రెండోది 2132కి వెళ్ళే విలువ:

25, 145
25, 144
25, 143
25, 142
25, 141
25, 140
25, 139
25, 138
24, 137
0

కూడుకుంటే 224. చివరి సున్నా 'ఇక చాలు' అని చెప్పడానికి. ఎరుపు, ఆకుపచ్చ నువ్వే రాయి, నేను రాస్తే నీకు రాదు.

బగ్గులబుట్ట
శనివారం, రాత్రి 11:52

శాస్త్రి గారి టేబుల్‌కి నా అనుభవం ఒకటి తగిలిస్తా. గీతల లెక్క 128 దాటనివ్వకు. నాకు పైన ఎక్కువ సేపు ఒకే నీలం కావాల్సి వచ్చి 130, 145 అని రాశా, కింద 94, 137, 0. చూడ్డానికి చక్కగా 224. ఆట మొదలుపెడితే రెండో గీత నుంచి ఆకాశం కంది పచ్చడిలా... కాదులెండి, గోంగూరలా పచ్చగా అయిపోయింది!

కొత్తగా_వచ్చా
ఆదివారం, ఉదయం 7:15

నాకూ అర్థం కావాలి, పచ్చగా ఎందుకయింది? అది నీలం టేబుల్ కదా?

బగ్గులబుట్ట
ఆదివారం, ఉదయం 8:03

128 దాటిన అంకెకి అర్థం వేరు. అందులోంచి 128 తీసెయ్యి. మిగిలిన 2 ఏమంటుందంటే, 'తర్వాతి రెండు గీతలకీ గీతకొకటి చొప్పున విడి విలువలు వస్తున్నాయి, వరసగా తీసుకో' అంటుంది. మొదటి గీతకి 145 తీసుకుంది, బాగానే ఉంది. రెండో గీతకి తర్వాతి బైటు కావాలి, అది 94. నా లెక్కలో అది గీతల సంఖ్య, దాని లెక్కలో రంగు. 94లో 64 ఉంది, అంటే ఆకుపచ్చ. మిగిలింది 30. దాదాపు పూర్తి ఆకుపచ్చ! ఆ తర్వాత 137ని గీతల లెక్క అనుకుంది, సున్నాని రంగనుకుంది, ఆపైన రోమ్‌లో (ఆట ఫైల్‌లో) పక్కన ఏముంటే అది మింగుతూ పోయింది.

ఎక్కువ గీతలు కావాలంటే 65, 145 అని రెండుసార్లు రాసుకుంటే సరి.

డల్లాస్_డీబగ్గర్
ఆదివారం, ఉదయం 8:40

ఇలాంటి వాటికి మెసెన్ ఎమ్యులేటర్‌లో (కంప్యూటర్ మీద కన్సోల్‌లా నడిచే ప్రోగ్రామ్) ఈవెంట్ వ్యూయర్ తెరిచి చూడండి. ఏ గీత దగ్గర ఏ రిజిస్టర్‌లో రాత పడిందో చుక్కలతో చూపిస్తుంది. 2132 చుక్కలు గీత కుడి చివర, అంటే తెర దాటాక హెచ్‌బ్లాంక్‌లో (ఒక గీతకీ తర్వాతి గీతకీ మధ్య విరామంలో) వరసగా పడాలి. ఎక్కడైనా చుక్క తప్పిపోతే టేబుల్ తప్పని అర్థం. నేను రాత్రి రెండింటికి కళ్ళు చికిలించుకుని టేబుల్ అంకెలు కూడుకోవడం మానేసింది ఇది చూశాకే.

ఇంకోటి. ఫ్రేము మధ్యలో హెచ్‌డీఎంఏ ఆన్ చెయ్యకూడదు. ప్రతి ఫ్రేము మొదట్లో హార్డ్‌వేర్ టేబుల్ మొదటికి వెళ్ళి లెక్క మొదలుపెడుతుంది. మధ్యలో తలుపు తెరిస్తే ఆ ఫ్రేములో ఏది వస్తుందో దైవాధీనం. అందుకే హెచ్‌డీఎంఏ ఆన్ చేసే అసలు రిజిస్టర్‌ని నేరుగా ముట్టుకోకుండా, ర్యామ్‌లో దాని నకలు ఉన్న 0డీ9ఎఫ్‌లో మీ ఛానెళ్ళ బిట్లు వెయ్యండి. వీబ్లాంక్‌లో (రెండు ఫ్రేముల మధ్య విరామంలో) ఆటే తీసుకెళ్ళి అసలు చోట రాస్తుంది. 3, 4, 5 ఛానెళ్ళకి 8, 16, 32, మొత్తం 56. ఆ 56ని ఉన్నదానికి కలపాలి, ఉన్నదాని మీద రాసెయ్యకూడదు. లేకపోతే ఆట పెట్టుకున్న ఛానెల్ 7 ఆగిపోతుంది.

మేడమీద_మారియో
ఆదివారం, మధ్యాహ్నం 1:26

అందరికీ వేల దండాలు. 3, 4, 5కి మార్చా. యూబర్ఏఎస్ఎంలో (లెవెల్‌కి సొంత కోడ్ తగిలించే టూల్) ఈ లెవెల్‌కి ఇనిట్‌లో (మొదట్లో ఒక్కసారి నడిచే చోట) పెట్టా. మెసేజ్ పెట్టె బుద్ధిగా తెరుచుకుంటోంది. మెట్లు కూడా పోయాయి. శాస్త్రి గారూ, నిజంగా పోయాయి, నమ్మలేకపోతున్నా.

కానీ ఇప్పుడు వేరే అసంతృప్తి. మెత్తగా ఉంది గానీ నా ఫోటోలా లేదు. నీలం నుంచి ఏదో మట్టిరంగు మీదుగా పోతోంది. నారింజ అసలు కనపడట్లేదు. కింద 31, 19, 9 ఉందని టేబుల్‌లో మూడుసార్లు చూసుకున్నా. కొత్త స్క్రీన్‌షాట్ జత చేశాను.

స్కాన్‌లైన్_శాస్త్రి
ఆదివారం, మధ్యాహ్నం 2:10

నారింజ ఉంది నాయనా. నీ కొండల వెనకాల ఉంది.

స్క్రీన్‌షాట్‌లో లేయర్ 2 (వెనక బొమ్మల పొర) కొండల శిఖరం ఏ గీత దగ్గరుందో లెక్కపెట్టు. నా లెక్కకి 140 దగ్గర. దాని కింద కొండ, ఆ కింద గడ్డి, ఇటుకలు. నీ టేబుల్ 224 దాకా సాగుతోంది. అందంగా ఉండే చివరి 80 గీతలూ కొండల వెనక, నేల వెనక దాక్కున్నాయి. తెర మీద కనిపిస్తున్నది ప్రయాణంలో మొదటి మూడు వంతుల్లో రెండు వంతులే.

ఫోటోలో దిగంతం ఎక్కడుందో ఆటలోనూ అక్కడే ఉండాలి. 144వ గీతకల్లా రంగు మొత్తం పూర్తయిపోనీ. ఆ కింద ఏమీ రాయక్కర్లేదు, సున్నా పెట్టెయ్యి. చివరి విలువ తెర కింది దాకా అలాగే నిలబడుతుంది.

కార్ట్రిడ్జ్_కనకం
ఆదివారం, మధ్యాహ్నం 2:25

మట్టిరంగు గురించి నేను చెప్తాను. 9, 7, 17కీ 31, 19, 9కీ సరిగ్గా మధ్య ఎంత? 20, 13, 13. ఆకుపచ్చ, నీలం సమానం, ఎరుపు కాస్త ఎక్కువ. అది తడిసిన ఇటుక రంగు. నీలానికీ నారింజకీ మధ్య అంకెలు పంచితే వచ్చేది అదే. అసలు సాయంత్రం అలా ఉండదు. మధ్యలో గులాబీ, ఊదా వస్తాయి.

మా వీధిలో ఒకాయన చీరలకి షేడ్ అద్దుతారు. నీలం నుంచి నారింజకి నేరుగా ఎప్పుడూ తీసుకెళ్ళరు. మధ్యలో వంగపండు రంగో గులాబీయో ఒకటి పెట్టి, దాని మీదుగా తీసుకెళ్తారు. మీరూ ఫోటోలో రెండు చోట్ల కాదు, అయిదారు చోట్ల రంగు తీయండి. పైన, మూడో వంతు దగ్గర, సగం దగ్గర, దిగంతానికి కాస్త పైన, దిగంతం. నాకు తోచింది మధ్యలో 25, 11, 17 లాంటిది. ఎరుపు ముందుగా పెరగాలి, నీలం చివరి దాకా ఆగి అప్పుడు పడిపోవాలి. ఆకుపచ్చ దిగంతం దగ్గరే పెరగాలి. నారింజ మొత్తం ఆఖరి నలభై గీతల్లోనే జరిగిపోవాలి, పైన వంద గీతలు నీలం, ఊదా.

మెగా_గోపి
ఆదివారం, మధ్యాహ్నం 3:02

మీరంతా 32 స్థాయిలతో ఆడుకుంటూ కష్టాలంటున్నారు. మా మెగాడ్రైవ్‌లో (సెగా వాళ్ళ కన్సోల్, సోనిక్ ఆడేది దాని మీదే) ఒక్కో రంగుకి 8 స్థాయిలే, మొత్తం 512 రంగులు. హెచ్‌డీఎంఏ కూడా లేదు. గీత చివర ఇంటరప్ట్ (చేస్తున్న పని ఆపి ఇటు చూడమనే సంకేతం) తెప్పించుకుని ప్రాసెసరే స్వయంగా పరుగెత్తి రంగు మార్చాలి. గీతకి ప్రాసెసర్‌కి దొరికేది 488 సైకిళ్ళు (ప్రాసెసర్ గడియారం టిక్కులు). పైగా తెర గీస్తుండగా రంగు ర్యామ్‌లో రాస్తే ఆ క్షణానికి తెర మీద చుక్కలు పడతాయి. సోనిక్ లాబిరింత్ జోన్‌లో నీటి కింద రంగులు మారేది ఇలాగే. నీటి పైభాగాన కదిలే అలల స్ప్రైట్లు ఉంటాయి చూశారా, అవి ఆ అంచుని బాగా కప్పేస్తాయి. 8 అడుగుల్లో ఆకాశం వెయ్యలేక మావాళ్ళు టైల్స్‌లోనే (బొమ్మ ముక్కల్లోనే) రెండు రంగుల చుక్కలు కలిపి డిథరింగ్ గీసేసేవాళ్ళు.

కొత్తగా_వచ్చా
ఆదివారం, మధ్యాహ్నం 3:20

ఇక్కడ కూడా డిథరింగ్ చెయ్యొచ్చా? అంచు దగ్గర ఒక గీత పాత రంగు, ఒక గీత కొత్త రంగు, అలా నాలుగైదు సార్లు మార్చి?

స్కాన్‌లైన్_శాస్త్రి
ఆదివారం, సాయంత్రం 4:05

చెయ్యొచ్చు, టేబుల్ పొడుగవుతుంది, అంతే. నాకు నచ్చదు. ఎమ్యులేటర్‌లో మూడింతలు పెద్దది చేసి చూస్తే అంచు దగ్గర దువ్వెన పళ్ళలా కనిపిస్తుంది. రంగుల్ని విడదీశాక ఆ అవసరం దాదాపు రాదు. చీకటి రంగుల్లో మాత్రం, అంటే గుహల్లో 2 నుంచి 3కి మారే చోట, ఒక్క అడుగే పెద్దగా కనపడుతుంది. అక్కడ రెండు మూడు గీతలు కలిపితే తప్పు లేదు.

మేడమీద_మారియో
ఆదివారం, రాత్రి 8:48

కనకం గారూ, మీ 25, 11, 17 పెట్టాక ఆకాశానికి ప్రాణం వచ్చింది. టేబుల్ 144 దగ్గర ఆపేశా. నారింజ కొండల అంచున వెలుగుతోంది. అమ్మ కూడా వంటింట్లోంచి వచ్చి చూసింది.

ఇంకో రెండు ప్రశ్నలు, విసుక్కోకండి. కొండలు పగటి పూట పచ్చగానే ఉన్నాయి, సాయంత్రపు వెలుగు వాటి మీద పడటం లేదు. 2131లో (ఏ పొర మీద రంగు కలపాలో చెప్పే రిజిస్టర్) లేయర్ 2 బిట్ వేస్తే కొండలు కూడా గ్రేడియంట్ తీసుకుంటాయని ఎక్కడో చదివి వేశా. కొండలు తెల్లగా పేలిపోయాయి. ఇక రెండోది, ఇన్ని ఛానెళ్ళు నడిపితే ఆట నెమ్మదిస్తుందా?

స్కాన్‌లైన్_శాస్త్రి
ఆదివారం, రాత్రి 9:30

రెండోది ముందు, చిన్నది. ఒక గీతకి 1364 మాస్టర్ సైకిళ్ళు. హెచ్‌డీఎంఏ నడుస్తుంటే గీతకి 18, ఒక్కో ఛానెల్‌కి 8, పంపే బైటుకి 8. మూడు ఛానెళ్ళూ ఒకే గీతలో రాసినా 66 అవుతుంది. నూటికి అయిదు లోపే. రాయని గీతల్లో 42. నీ లెవెల్‌లో శత్రువులు పదిమంది కలిసి వస్తే అయ్యే ఖర్చు ముందు ఇదెంత.

కొండలు తెల్లబడటానికి కారణం కూడిక. ఫిక్స్‌డ్ కలర్ అంటే ఇక్కడ పూర్తి ఆకాశం రంగు. నల్లటి సున్నా మీద కలిపితే ఆకాశం అవుతుంది. ఆకుపచ్చ కొండ మీద కలిపితే కొండ ప్లస్ ఆకాశం అవుతుంది, 31 దాటింది 31 దగ్గర ఆగిపోతుంది, అన్నీ తెలుపుకి దగ్గరవుతాయి.  

దారులు రెండు. కొండల ప్యాలెట్‌ని బాగా నల్లగా, దాదాపు నీడలా చేసి, దాని మీద ఆకాశం కలవనివ్వడం. అప్పుడు కొండ ఆకాశంలో కలిసిపోతుంది, పొగమంచు లెవెల్‌కి బాగుంటుంది, దీనికి కాదు. నీకు నేను చెప్పేది, ఆ బిట్ తీసెయ్యి. మిగిలిన ఛానెల్ 6 ఉంది కదా, దాంతో ప్యాలెట్‌లో కొండ రంగొకదాన్నే గీత గీతకీ మార్చు.

దీనికి మోడ్ 3, గమ్యం 2121. ఒక్కో విడతకి నాలుగు బైట్లు పోతాయి. రెండు 2121కి, రెండు 2122కి. మొదటి రెండిట్లో రంగు నంబరు వేస్తావు, మామూలుగా అదే నంబరు రెండుసార్లు రాస్తారు. తర్వాతి రెండిట్లో రంగు విలువ, చిన్న బైటు ముందు, పెద్ద బైటు వెనక. విలువ కట్టడం ఇలా: ఎరుపు, దానికి ఆకుపచ్చని 32తో గుణించి కలుపు, నీలాన్ని 1024తో గుణించి కలుపు. నీ నారింజనే తీసుకుంటే 31, 608, 9216, మొత్తం 9855. 256తో భాగిస్తే 38, మిగిలేది 127. కాబట్టి టేబుల్‌లో 127, 38.

కొండలో వెలుగు పడే ఆకుపచ్చ ఒక్కటి ఎంచుకుని, శిఖరం దగ్గర కాస్త నారింజ కలిపి, కిందికి వచ్చేకొద్దీ ముదురు చెయ్యి. అయిదారు అడుగులు చాలు. నీడ రంగుని ముట్టుకోకు. వెలుగు మాత్రమే మారితే కొండకి గుండ్రదనం వస్తుంది, అన్నీ మారితే కాగితం కొండ అవుతుంది.

డల్లాస్_డీబగ్గర్
ఆదివారం, రాత్రి 10:12

కెమెరా పైకి కిందికి కదిలే లెవెలా ఇది? గ్రేడియంట్ తెరకి అతుక్కుని ఉంటుంది, లెవెల్‌తో కదలదు. ఆకాశానికి అది మంచిదే, దూరంలో ఉన్నది కదలదు. కానీ కొండ రంగుల్ని మారుస్తున్నారు కాబట్టి కొండ కదిలితే వెలుగు ఒక చోట, శిఖరం ఒక చోట అయిపోతాయి.

మేడమీద_మారియో
ఆదివారం, రాత్రి 10:15

హమ్మయ్య, నిలువు స్క్రోల్ ఆపేశాను ఈ లెవెల్‌లో. బతికిపోయా.

డల్లాస్_డీబగ్గర్
ఆదివారం, రాత్రి 10:22

అయితే సరే. వేరేవాళ్ళు చదువుతారని ఒక్క ముక్క రాసి వదిలేస్తా. నిలువుగా కదిలించాలంటే టేబుల్‌ని గీతకొక ఎంట్రీగా రాయండి, అన్ని ఎంట్రీలూ ఒకే పొడవు. ర్యామ్‌లో లేయర్ 2 ఎత్తు 20లో ఉంటుంది, లేయర్ 1ది (ముందు పొరది) 1సీలో. ఆ ఎత్తుని ఎంట్రీ పొడవుతో గుణించి టేబుల్ చిరునామాకి ప్రతి ఫ్రేమూ కలపండి. టేబుల్ కదలదు, మొదలుపెట్టే చోటు కదులుతుంది. నేను గేమ్‌బాయ్ అడ్వాన్స్‌లో ఇదే చేస్తుంటా. అక్కడ తెర 160 గీతలే కాబట్టి టేబుల్ చిన్నది. కాకపోతే మొదటి మోడల్‌కి వెనక లైటు లేదు, ముదురు గ్రేడియంట్ వేస్తే నల్లటి గోడే కనిపిస్తుంది.

బగ్గులబుట్ట
సోమవారం, ఉదయం 9:11

తమ్ముడూ, అయ్యాక ప్యాచ్ పెట్టు. బీపీఎస్ ఫైల్ (నువ్వు చేసిన మార్పులే ఉండేది) మాత్రమే, రోమ్ పెట్టావంటే ఈ చర్చ మూసేస్తారు.

మేడమీద_మారియో
బుధవారం, రాత్రి 11:54

అయింది! ప్యాచ్ జత చేశాను. శాస్త్రి గారు చెప్పినట్టు ఒక్క ఆకుపచ్చనే మార్చా, శిఖరాల మీద ఎండ పడ్డట్టే ఉంది. కనకం గారూ, వీలైతే మీ డబ్బా టీవీలో చూసి చెప్పండి.

కార్ట్రిడ్జ్_కనకం
గురువారం, రాత్రి 8:30

చూశాను. ఆకాశం చాలా బాగుంది, పట్టీలు వెతికితే తప్ప కనపడలేదు. పై నీలం మాత్రం టీవీలో ఇంకా ముదురుగా పడుతోంది, స్కోరు పక్కన నల్లగా ఉంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ పైన ఒక్కో అడుగు పెంచండి.

మేడమీద_మారియో
గురువారం, రాత్రి 9:05

పెంచాను, కొత్త ప్యాచ్ పెట్టాను. ఇందాక మా చెల్లి ఆడుతూ "ఇది మన మేడ మీద ఆకాశమే కదా, డిష్ యాంటెన్నా ఏది?" అంది. ఫోటోలో ఎడమ పక్కన నిజంగానే ఉంది అది. లేయర్ 2లో ఎన్ని టైల్స్ ఖాళీ ఉన్నాయో చూస్తున్నా.